కళ్ళు లేని మార్త

ఆ సంఘంలో అబ్రాహాముకీ, మోషేకీ, ముసలి సుమెయోనుకీ ముఖం ఒక్కటే. కంగారు పడకండి, ముగ్గురూ ఒకే గుడ్డబొమ్మ. పొడుగు గడ్డం పెడితే అబ్రాహాము. చేతికి కర్ర తగిలిస్తే మోషే. నడుం దగ్గర మడత పెట్టి కాస్త వంచితే, దేవాలయంలో పసివాడి కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న సుమెయోను. ముప్పై ఏళ్ళుగా ఆ సండే స్కూల్లో కూర్చుని పెరిగినవాళ్ళు రేపు పరలోకంలో ఆ ముగ్గుర్నీ విడివిడిగా చూస్తే తికమకపడక మానరు.

ఈ బొమ్మలన్నీ కత్తిరించినావిడని అందరూ బొమ్మల టీచరమ్మ అంటారు. వారమంతా కుట్టుపని. మందుల షాపు పైన రెండు గదులు ఆవిడవి. ముందుగదిలో మిషను, ఇస్త్రీ బల్ల, కత్తిరింపు ముక్కలు దాచే రేకుపెట్టె. వెనకగదిలో రెండు మంచాలు. ఆదివారం వస్తే చంకలో ఫ్లానెల్ బోర్డు, చేతిలో బొమ్మల సంచీ. చెక్కకి బిగించిన ఫ్లానెల్ గుడ్డ అది. వెనక నూగుగుడ్డ కుట్టిన బొమ్మని దానికి ఆనించి అరచేత్తో ఒత్తితే చాలు, అతుక్కుని నిలబడుతుంది. పీకితే వస్తుంది. జిగురు గొడవ లేదు. ఎర్రసముద్రం ఆవిడ చేతుల్లో రెండు నీలం ముక్కలుగా చీలిపోతుంటే పెద్దవాళ్ళు కూడా మెడలు చాచేవారు.

కత్తిరింపు ఆవిడదే గానీ కళ్ళు మాత్రం చెల్లెలివి. మొదట్లో టీచరమ్మ పెన్నుతో రెండేసి చుక్కలు పెట్టి ఊరుకునేది. భర్త పోయాక చెల్లెలు పెట్టె పట్టుకుని అక్క దగ్గరికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో, ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని ఒక బొమ్మ తీసుకుని దారంతో కళ్ళు కుట్టింది. నల్లదారం, గోధుమరంగు దారం, మధ్యలో ఒకే ఒక్క తెల్లకుట్టు. ఆ ఒక్క కుట్టుతో బొమ్మ చూడటం మొదలెట్టింది. అది హన్నా బొమ్మ. బిడ్డ కోసం గుడిలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడ్చిన హన్నా. ఆ ఆదివారం ముందు వరస పిల్లలు, "టీచర్, ఆవిడ నిజంగా ఏడుస్తోంది" అన్నారు. ఆ రోజు నుంచి కళ్ళన్నీ చెల్లెలి చేతికి వెళ్ళిపోయాయి.

సాయంత్రాలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. "ఇదెవరక్కా?" అనేది చెల్లెలు, ముఖం లేని ముక్కని అటూ ఇటూ తిప్పి.

"లేయా. భర్తకి ఇష్టంలేని పెళ్ళాం."

"పాపం. అయితే కిందికి చూస్తున్నట్టు కుడతాను."

అలా సంఘానికి బైబిలు మనుషుల గుణాలు వాళ్ళ కళ్ళల్లోంచే తెలిశాయి. పాస్టర్లు మారారు, ప్రసంగాలు మారాయి. అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? తోమా అనుమానపు చూపు మాత్రం అందరికీ గుర్తే.

చెల్లెలికి ఇంకో పని ఉండేది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత ప్రేమవిందు. సంఘమంతా కలిసి తినాలి. అంటే నూట ఇరవై మందికి వండాలి. మందిరం వెనక రేకుల షెడ్డే వంటగది. తొమ్మిదేళ్ళు ఆ షెడ్డు చెల్లెలిదే. పాట మొదలయ్యేసరికి పొయ్యి దగ్గర, ఆశీర్వాదం అయ్యేసరికి గరిటె చేత్తో గుమ్మంలో. తొమ్మిదేళ్ళలో మొదటి ఆదివారం పాఠం ఒక్కటి పూర్తిగా విన్న పాపాన పోలేదు. వినలేదని ఎవరూ గమనించలేదు. కూరలో ఉప్పు తగ్గితే మాత్రం నూట ఇరవై మందీ గమనించేవారు. మనుషులం కదా, మనకి అంతవరకే కనబడుతుంది.

గొడవ ఒక శనివారం వచ్చింది. పదకొండేళ్ళ కిందటి మాట. చెల్లెలు కూరగాయల సంచులు మేడ మీదికి మోసుకొచ్చి, చెమట తుడుచుకుంటూ అంది. "నువ్వు హాయిగా బొమ్మలాడుకుంటావు. నా బతుకంతా మసిగిన్నెలే. రేపు ఒక్కరోజు నువ్వు ఈ ఏప్రన్ కట్టుకో అక్కా. నేను ముందు వరసలో కూర్చుని పాఠం వింటాను."

అడిగింది చిన్న కోరికే. కానీ టీచరమ్మ చెవికి ఎక్కింది ఒక్క ముక్కే, 'బొమ్మలాడుకుంటావు' అన్నది. ఆవిడ మంచిదే గానీ రోషం ముక్కు మీదే ఉంటుంది. "పాఠం చెప్పడమంటే కూర కలిపినట్టు అనుకున్నావా?" అంది. చెల్లెలు లోపలికి వెళ్ళి కూరగాయలు తరగడం మొదలెట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. టీచరమ్మ రేకుపెట్టె తెరిచింది. మర్నాటి పాఠం మార్త, మరియ అనే అక్కచెల్లెళ్ళది. ప్రభువు ఇంటికొస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింది. మార్త వంటపనుల్లో మునిగి, మరియ సాయం రావట్లేదని విసుక్కుంది. ఈ పాఠానికి టీచరమ్మ కొత్త మార్తని కత్తిరించింది. చెల్లెలి ఆకుపచ్చ గళ్ళ ఏప్రన్ కుట్టగా మిగిలిన ముక్క పెట్టెలో ఉంటే, మార్తకి అదే ఏప్రన్ చేసి తొడిగింది. చెల్లెలికి చూపించకుండా చేసింది కాబట్టి ఆ బొమ్మకి కళ్ళు లేవు.

ఆదివారం పాఠం రక్తి కట్టింది. మార్తని బోర్డు మీద పెట్టగానే గళ్ళ ఏప్రన్ని అందరూ గుర్తుపట్టారు. ముందు ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు టీచరమ్మకి ఎక్కింది. నడుం మీద చెయ్యి పెట్టి, అచ్చం చెల్లెలిలాగే మెడ విరిచి, "ఈ మార్తమ్మ ఉందే, ప్రభువే ఇంటికొచ్చి కూర్చున్నా సరే, 'అయ్యో, నా కూర మాడిపోతోంది' అనే రకం" అంది. మందిరమంతా ఘొల్లుమంది. పాస్టరుగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

చెల్లెలు పక్క గుమ్మంలోనే ఉంది. పిల్లలకి ఎన్ని ప్లేట్లు కావాలో అడుగుదామని వచ్చింది. నవ్వు ఆగేదాకా అక్కడే నిలబడి, ఎలా వచ్చిందో అలాగే వెళ్ళిపోయింది.

తర్వాత అందరికీ వడ్డించింది. అక్కకీ వడ్డించింది, ఎప్పుడూ వేసినట్టే రెండు గరిటెలు. గిన్నెలన్నీ తోమి బోర్లించింది. ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, వంటగది వైపున్న ఆఖరి బెంచీ మీద ఉంచింది. సాయంత్రానికి పెట్టె సర్దుకుని, పెద్దాసుపత్రి దగ్గర గది చూసుకుని వెళ్ళిపోయింది. ఆ ఆసుపత్రి క్యాంటీన్లోనే వంటపనికి కుదిరింది. ఆదివారాలు డ్యూటీ కావాలని అడిగి మరీ వేయించుకుందట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా?

అప్పట్నుంచి టీచరమ్మ బతుకు బయటికి మామూలుగానే ఉంది. మిషను ఆడుతూనే ఉంది, ఆదివారం పాఠం జరుగుతూనే ఉంది. లోపల మాత్రం ఒకటే ఎదురుచూపు. మెట్ల మీద ఎవరి అడుగు వినబడినా మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి వినేది. రెండో మంచం మీద దుప్పటి వారానికోసారి మార్చేది. పడుకునేవాళ్ళే లేనప్పుడు దుప్పటి ఎందుకు మాస్తుంది? గుండీల కొట్టు వీధి చివరే ఉన్నా, ఆసుపత్రి దాటాక ఉన్న కొట్టుకే బస్సెక్కి వెళ్ళేది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చునేది. క్యాంటీన్ అద్దాల వెనక తెల్ల టోపీలు కదిలేవి. ఇంత దూరం నుంచి ఎవరు ఎవరో ఏం తెలుస్తుంది? అయినా, 'అదుగో, ఆ పొట్టి టోపీ అదే' అని ఏదో ఒక టోపీని తన చెల్లెలుగా ఖాయం చేసుకుని, మలుపు తిరిగేదాకా చూసేది. ఒకసారి దిగింది కూడా. గేటు దగ్గర, రోగిని చూడటానికి వచ్చినదానిలా కాసేపు నిలబడి, తిరుగు బస్సెక్కేసింది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే.

కబుర్లు పంపలేదని కాదు. అప్పటి పాస్టరమ్మగారు నెలకోసారి రోగులకి ప్రార్థన చెయ్యడానికి ఆసుపత్రికి వెళ్ళేది. ఆవిడతో ఒకసారి, "తప్పు నాదేనని చెప్పండి" అని పంపింది. "సరే" అని జవాబొచ్చింది. రెండేళ్ళ తర్వాత, "ఒంట్లో ఎలా ఉందో కనుక్కోండి" అని పంపింది. "బాగానే ఉంది" అని వచ్చింది. అంతకంటే ముక్క రాలేదు. 'నేను రెండుసార్లు తగ్గాను. ఇక రావలసింది అదే' అనుకుంది టీచరమ్మ. అలా అనుకున్న ప్రతిసారీ తప్పనిపించేది, అయినా అలాగే అనుకునేది. పాఠం చెబుతూ చెబుతూ ఆఖరి బెంచీ వైపు ఒకసారి చూడటం అలవాటైపోయింది. అది ఎప్పుడూ ఖాళీయే.

ఈలోగా బొమ్మల కళ్ళు ఊడిపోవడం మొదలైంది. ఏళ్ళ తరబడి చేతులు పడితే దారం మాత్రం ఎన్నాళ్ళుంటుంది? సుమెయోనుకి ఒక కన్ను పోయింది, దాంతో అబ్రాహాముకీ మోషేకీ కూడా పోయింది. టీచరమ్మ పెళ్ళికూతురి గౌనుకి కనబడని కుట్టు వెయ్యగలదు గానీ, కళ్ళు మాత్రం ఆవిడకి పట్టుబడలేదు. ఒకసారి పట్టుదలగా గొల్యాతుకి కుట్టింది. పాపం, అంత రాక్షసుడూ ఇప్పుడో ఇంకాసేపటికో ఏడ్చేలా తయారయ్యాడు. పిల్లలు దావీదుని వదిలేసి గొల్యాతుమీద జాలిపడ్డారు. మళ్ళీ సూది ముట్టుకోలేదు.

ఇక మార్త. ఆ బొమ్మ సంచీ అడుగున, కాగితంలో చుట్టి, కళ్ళు లేకుండా ఉండిపోయింది. సండే స్కూలు పాఠాల పట్టిక నాలుగేళ్ళకొకసారి మొదటికొస్తుంది. మార్త పాఠం మళ్ళీ వచ్చినప్పుడు టీచరమ్మ దాన్ని దాటేసి యోనా చెప్పింది. తప్పించుకోవడానికి దొరికిందీ యోనానే, పడవెక్కి పారిపోయినవాడు. తర్వాతి తడవ జలుబు చేసిందంది.

ఈ ఏడు కొత్త పాస్టరుగారు ఒక ఏర్పాటు చేశారు. కుర్రవాడు, వచ్చి మూడేళ్ళయింది, పాత సంగతులు తెలియవు. నెలకొక బైబిలు మనిషిని తీసుకుని, ఆ మనిషి దగ్గర మన విశ్వాసానికి దొరికే పాఠమేమిటో సంఘమంతటికీ బోర్డు మీద చెప్పాలి. "పిల్లలకే ఎందుకు టీచరమ్మగారూ, పెద్దవాళ్ళకీ మీరే చెప్పండి" అన్నారు. హన్నా అయింది. తోమా అయింది. మూడో నెలకి ఆయన జాబితా చూసి, "మార్త" అన్నారు.

టీచరమ్మ చేతిలో కొలత టేపుని వేలికి చుట్టుకుంది. "రూతు చెప్తానండి. రూతు బాగుంటుంది."

"రూతు అందరికీ తెలుసు కదండీ. మన సంఘంలో సగం మంది ఎప్పుడూ ఏదో పని నెత్తినేసుకుని తిరిగేవాళ్ళే. వంటగదిలో నిలబడేవాళ్ళకి తిట్లు తప్ప ఒక్క పాఠం లేదు. మీరైతే బాగా చెప్తారు."

కక్కలేక మింగలేక తలూపింది. ఆ వారమంతా మిషను పక్కన బైబిలు తెరిచి పెట్టుకుంది. మార్త పేరు ఉన్న చోటల్లా వెతికింది. రెండో చోటు దొరికింది. దొరకడమేమిటి, ముప్పై ఏళ్ళుగా చదువుతున్న పేజీయే. లాజరుని సమాధిలోంచి లేపిన పాఠం చెప్పడానికి ఎన్నిసార్లు తిప్పిందో. అందులో మార్త ఏం చేసిందో మాత్రం ఎన్నడూ పట్టించుకోలేదు.

తమ్ముడు లాజరు చనిపోయాడు. రావలసిన ప్రభువు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడు. వస్తున్నాడని తెలియగానే మార్త వంట, చుట్టాలు, ఏడుపు అన్నీ వదిలేసి ఊరి బయటికి ఎదురెళ్ళింది. నువ్వుంటే మావాడు చచ్చిపోయేవాడు కాదని నిష్ఠూరమాడింది. ఆ నోటితోనే, నువ్వు దేవుని కుమారుడివని నమ్ముతున్నానంది. నాలుగు మాటల్లో మొత్తం విశ్వాసం చెప్పేసింది. తర్వాత ఇంకో పేజీలో విందు జరుగుతుంటే మళ్ళీ మార్తే వడ్డించింది. ఈసారి ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. టీచరమ్మ బట్ట మీద సుద్దతో గీత గీయబోయి ఆగిపోయింది. "ఎంత అన్యాయం చేశానే నిన్ను" అంది. అన్నది మార్తనో చెల్లెలినో ఆవిడకే తెలియలేదు.

ఆసుపత్రి ప్రార్థనలకి ఇప్పుడు కొత్త పాస్టరమ్మగారు వెళ్తోంది. వెంటనే ఆవిడ దగ్గరికి వెళ్ళింది. "ఈ ఆదివారం మార్త పాఠం చెప్తున్నాను. మా చెల్లెల్ని తప్పకుండా రమ్మనండి. ముందు వరసలో కూర్చోమనండి" అంది. మూడో కబురు. శుక్రవారం జవాబొచ్చింది. "ఆదివారం డ్యూటీ ఉందట అమ్మా. ఇంకేమీ అనలేదు."

అయినా ఆశ చావదు కదా. ఆదివారం పొద్దున్నే టీచరమ్మ అప్పుడు బెంచీ మీంచి తెచ్చి తగిలించగా, ముందుగది మేకుకి పదకొండేళ్ళుగా వేలాడుతున్న గళ్ళ ఏప్రన్ తీసి, ఇస్త్రీ చేసి, సంచీలో పెట్టుకుంది. వస్తే చేతికిద్దామని. ముందు వరసలో ఒక కుర్చీ మీద తన పాటల పుస్తకం పెట్టి చోటు ఆపింది. ఇద్దరు వచ్చి కూర్చోబోతే, "మనిషి వస్తుంది" అని లేపేసింది.

ఆరాధన మొదలైంది, పాటలయ్యాయి, ఎవరూ రాలేదు. ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్ళి, కాగితం విప్పి, కళ్ళు లేని మార్తని ఫ్లానెల్ మీద ఒత్తింది. పాతవాళ్ళు ఆ గళ్ళ ముక్కని చూసి గుర్తుపట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"పదకొండేళ్ళ కిందట ఇక్కడే నిలబడి ఈవిడ గురించి సగం చెప్పాను. ఆ సగం కూడా నా కోపం తీర్చుకోవడానికి చెప్పాను" అని మొదలెట్టింది. "దేవుని వాక్యం చేత్తో పట్టుకుని తోడబుట్టినదాన్ని కొట్టాను. మీరు నవ్వారు. మీ తప్పేం లేదు, నవ్వించింది నేనే. ఇప్పుడు మిగతా సగం వినండి."

చెప్పింది. దారి కోసం ఒక గోధుమరంగు పట్టీ అతికించింది. మార్తని ఇంటి దగ్గర్నుంచి పీకి ఆ దారి మీద కొంచెం కొంచెంగా జరుపుతూ తీసుకెళ్ళింది. మరియ ఇంట్లో కూర్చునే ఉంది. "చూడండి, వంటమనిషి అని మనం ఎగతాళి చేసిన మనిషే ముందు ఎదురెళ్ళింది. ఓపిక పట్టి పనిచేసేవాళ్ళ విశ్వాసం మనకి కనబడదు. అవసరం వచ్చిన రోజున వాళ్ళే ముందు గుమ్మం దాటుతారు. మార్త దగ్గర మనం నేర్చుకోవలసింది అదీ" అంది. కన్ను ఆఖరి బెంచీ మీదికి పోయింది. ఖాళీ.

అప్పుడు గంట తాత చెయ్యెత్తాడు. మందిరం గంట నలభై ఏళ్ళు కొట్టి కొట్టి ఆయనకి చెవుడొచ్చింది. టీచరమ్మ గొంతు ఒక్కటే ఆయనకి వినబడుతుందని ఎప్పుడూ బోర్డు ముందే కూర్చుంటాడు. తనకి వినబడదు కాబట్టి లోకానికీ వినబడదనుకుని అరుస్తాడు.

"అమ్మాయ్, మరి ఆ రెండోది ఇంట్లోనే కూర్చుందేం?"

"మరియా తాతా? తర్వాత వెళ్ళింది. మార్త వచ్చి పిలిస్తే అప్పుడు లేచి వెళ్ళింది."

"అది సరే. ముందే ఎందుకు లేవలేదూ అంటున్నా."

"అది రాయలేదు తాతా."

"రాయకపోతే నీకు తెలీదా?"

ముప్పై ఏళ్ళలో టీచరమ్మ జవాబు చెప్పలేని ప్రశ్న లేదు. ఇప్పుడు బోర్డు మీద కూర్చున్న మరియని చూస్తూ ఉండిపోయింది. ఆ కళ్ళు చెల్లెలు కుట్టినవి. అలా కూర్చుని, ఎవరో వచ్చి పిలవాలని గుమ్మం వైపు చూస్తున్న కళ్ళు. మూడు కబుర్లు పంపి, దుప్పట్లు మార్చి, కుర్చీ ఆపి, పదకొండేళ్ళు ఇంట్లోంచి కదలనిది ఎవరో ఆవిడకి తెలిసిపోయింది.

"తెలుసు తాతా" అంది మెల్లగా. ఆయనకి వినబడి ఉండదు.

మార్తని బోర్డు మీంచి తీసి ఏప్రన్‌తో పాటు సంచీలో వేసుకుంది. "పాస్టరుగారూ, ప్రార్థన మీరు చెయ్యండి. నాకు పనుంది" అని నడవలోంచి తిన్నగా బయటికి నడిచింది. మరియ, దారి, సమాధి అన్నీ బోర్డు మీదే ఉండిపోయాయి. ఆవిడ వస్తువులు వదిలేసి వెళ్ళడం ఆ సంఘం ఎప్పుడూ చూడలేదు.

బస్సులో ఈసారి కుడివైపు కూర్చుంది. ఏం మాట్లాడాలో కూడబలుక్కోబోతే యాకోబు గుర్తొచ్చాడు. అన్నకి భయపడి మందల తర్వాత మందలు ముందు కానుకగా పంపినవాడు. ఆ పాఠం పిల్లలకి ఏడెనిమిదిసార్లు చెప్పి ఉంటుంది. మందలన్నీ వెళ్ళాక యాకోబు కుంటుకుంటూ తానూ నడిచాడన్న ముక్క ప్రతిసారీ తన నోటితోనే చెప్పింది. పిల్లలు విన్నారో లేదో గానీ తాను మాత్రం వినలేదు. స్టాపు వచ్చేసరికి ఒక్క మాట కూడా తయారుకాలేదు.

క్యాంటీన్లో అది భోజనాల వేళ. నర్సులు, వార్డు మనుషులు, రోగుల బంధువులు వరసలో ఉన్నారు. చివరన టీచరమ్మ ట్రే పట్టుకుని నిలబడింది. గాజు అడ్డం వెనక తెల్ల టోపీలో చెల్లెలు గరిటెతో వడ్డిస్తోంది. జుట్టు సగం నెరిసింది. బస్సు కిటికీలోంచి ఇన్నేళ్ళూ తాను ఖాయం చేసుకున్న పొట్టి టోపీ ఈమెది కాదు, పక్కనున్న లావుపాటావిడది. ఇన్నాళ్ళూ ఎవరో పరాయి మనిషి కోసం బెంగపడ్డానన్నమాట అనుకుంటే, ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

వరస కదిలింది. చెల్లెలు తల ఎత్తకుండానే ట్రే మీద ప్లేటు పెట్టి కూర వేసింది. రెండో గరిటె వేస్తూ ఆ చేతిని చూసింది. సూది గుచ్చుకోకుండా చూపుడువేలికి తొడిగిన తోలు అంగుస్తానా చూసింది. పొద్దున దారి పట్టీ కుడుతూ పెట్టుకున్నదాన్ని టీచరమ్మ తియ్యడం మరిచిపోయింది. చెల్లెలి గరిటె అలాగే ఆగిపోయింది.

"ఇవాళ పాఠం లేదా?" అంది తల ఎత్తి.

"సగంలో వచ్చేశాను."

టీచరమ్మ ట్రే పక్కన పెట్టి, సంచీలోంచి బొమ్మ తీసి గాజు కింది సందులోంచి లోపలికి జరిపింది. చెల్లెలు చెయ్యి తుడుచుకుని బొమ్మ అందుకుంది. గళ్ళ ఏప్రన్ని వేలితో రాసి చూసింది, బొమ్మని తిప్పి ముఖం చూసింది.

"ఇన్నేళ్ళూ దీన్ని గుడ్డిదానిలాగే ఉంచావా?"

"నాకు కళ్ళు కుట్టడం రాదు కదే. నువ్వొచ్చి కుడతావని చూశాను. రోజూ చూశాను. తప్పు చేశాను. రావలసింది నేను."

"నేను మాత్రం చూడలేదా? ఆ తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూశాను. నీ కబుర్లొచ్చాయి. నువ్వు రాలేదు." చెల్లెలు కింది పెదవిని పళ్ళతో నొక్కిపట్టింది.

వెనకనుంచి ఎవరో, "అమ్మా, కాస్త తొందరగా" అన్నారు. చెల్లెలు బొమ్మని జేబులో పెట్టుకుంది. టీచరమ్మ సంచీలో మళ్ళీ చెయ్యి పెట్టి, ఇస్త్రీ మడత చెదరని ఏప్రన్ బయటికి తీసింది.

"ఇది నీది. ఇద్దామని తెచ్చాను."

చెల్లెలు దాన్ని చూసింది. తన ఒంటి మీదున్న క్యాంటీన్ ఏప్రన్ చూసుకుంది. పక్కన లావుపాటావిడకి ఏదో చెప్పి, తన గరిటె తీసి కౌంటరు మీద, అక్క వైపుగా పెట్టింది.

"నాకిక్కడ ఉంది. అది నువ్వు కట్టుకో" అంది. "ఆ పక్కన తలుపుంది, లోపలికొచ్చి చేతులు కడుక్కో. నువ్వు వడ్డిస్తుంటే నేను ఇక్కడ కూర్చుంటాను. ఇవాళ్టి పాఠం మొదట్నుంచీ చెప్పు."